ముందు డబ్బు జమ చేయించండి, ఆ తరువాత అభ్యంతరం వినండి: విదేశీ షిప్పింగ్ ఆర్బిట్రేషన్ అవార్డుల అమలుపై కేంద్ర న్యాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర న్యాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను కాకినాడలో 31 ఏళ్లుగా షిప్ బ్రోకర్‌గా పని చేస్తున్నాను. సరుకుకు తగిన ఓడను కుదర్చడం ఒక ఎత్తయితే, ఆ సరుకు ఎక్కించడానికి ఎంత సమయం పట్టింది, ఒప్పుకున్న గడువు ఏ రోజు ఏ గంటకు దాటింది, దాటినందుకు ఎవరు ఎవరికి ఎంత బాకీ పడ్డారు అని తేల్చే లేటైమ్ లెక్క మరో ఎత్తు. నా పనిలో ఎక్కువ భాగం ఆ లెక్కే. అక్కడ పుట్టే తగాదాలు ఒప్పందం ప్రకారం లండన్‌లోనో సింగపూర్‌లోనో ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట మధ్యవర్తి ముందు జరిగే విచారణకు, వెళతాయి, అక్కడ నెలల్లో తేలిపోతాయి. అలా తేలిన అవార్డును, అంటే ఆ మధ్యవర్తి ఇచ్చిన తీర్పును, మన దేశంలోని హైకోర్టు చేత అమలుకు తగినదని ధ్రువీకరింపజేసుకుని డబ్బు రాబట్టుకోవడం దగ్గర మాత్రం ఏళ్లకు ఏళ్లు గడిచిపోతున్నాయి. ఈ లేఖలో మీ ముందు ఉంచుతున్న ప్రధానమైన కోరిక ఒక్కటే. స్వదేశీ అవార్డును అడ్డుకునేవారు సాధారణంగా ముందుగా సొమ్ము జమ చేయవలసి వస్తున్నట్టే, విదేశీ అవార్డు అమలును అడ్డుకునేవారు కూడా అవార్డు మొత్తాన్ని కోర్టులో జమ చేసిన తరువాతే తమ అభ్యంతరాన్ని వినిపించుకునేలా, 1996 నాటి ఆర్బిట్రేషన్ అండ్ కన్సీలియేషన్ చట్టాన్ని సవరించండి.

ఈ మాట పుస్తకాలు చదివి అంటున్నది కాదు. 2018 వర్షాకాలం చివర్లో నేను కుదిర్చిన ఒక ఓడ కథ చెబితే నా ఉద్దేశం మీకు తేలిగ్గా బోధపడుతుంది. పేర్లు చెప్పను. ఎవరినో వీధిలో నిలబెట్టడం నాకు అవసరం లేదు.

కాకినాడ యాంకరేజీలో పెద్ద ఓడలు ఒడ్డుకు రావు. అవి సముద్రంలోనే లంగరు వేసుకుని నిలబడితే, బియ్యం బస్తాలు నింపుకున్న బార్జీలు కాలువలోంచి బయలుదేరి, ఓడ పక్కకు చేరి తాళ్లతో కట్టుకుంటాయి. ఓడ మీది క్రేన్లు బస్తాల స్లింగులను పైకి లాగి హ్యాచ్‌లలోకి, అంటే ఓడలోని సరుకు గదుల ద్వారాల్లోకి, దించుతాయి. ఆకాశం మబ్బు పట్టగానే చీఫ్ ఆఫీసర్ హ్యాచ్‌లు మూయించేస్తాడు, ఎందుకంటే తడిసిన బియ్యాన్ని పశ్చిమ ఆఫ్రికా రేవులైన కోటొనూలోనో అబిజాన్‌లోనో ఎవరూ దించుకోరు. ఎన్ని గంటలకు మూశారు, ఎన్ని గంటలకు తెరిచారు, బార్జీ కోసం ఎంతసేపు ఎదురు చూశారు, ఇదంతా స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ అనే కాగితంలో నిమిషాలతో సహా రాసి, కెప్టెన్, ఏజెంటు, సరుకుదారు ప్రతినిధి సంతకాలు చేస్తారు. మా తగాదాకు మూలమైన కాగితంలో ఒక పంక్తి నాకు ఇప్పటికీ కంఠస్థం: "14:20 నుంచి 17:05 వరకు వర్షం, హ్యాచ్‌లన్నీ మూసివేత." దాని కింద మూడు సంతకాలూ ఉన్నాయి.

సరుకు 25,000 టన్నులు. రోజుకు 1,500 టన్నుల చొప్పున ఎక్కిస్తామని ఒప్పందం. అంటే సరుకుదారుకు దొరికే గడువు 16 రోజుల 16 గంటలు. గడువు లోపల కురిసిన వర్షాన్ని తీసివేశాక కూడా లెక్కలోకి వచ్చిన సమయం 27 రోజుల 4 గంటలు. అదనంగా పట్టిన 10 రోజుల 12 గంటలకు రోజుకు 9,000 డాలర్ల చొప్పున డెమరేజ్, అంటే గడువు దాటినందుకు కట్టవలసిన పరిహారం, 94,500 డాలర్లు. ఆ ఓడను టైమ్ ఛార్టర్ మీద, అంటే రోజు అద్దెకు, తీసుకుని నడుపుతున్నది విశాఖపట్నానికి చెందిన ఒక చిన్న ఆపరేటర్. వానొచ్చినా, బార్జీలు రాకపోయినా, పండగ వచ్చినా ఓడ యజమానికి రోజు అద్దె ఆయన కట్టవలసిందే, కట్టారు కూడా. సరుకుదారు మాత్రం గడువు దాటిన తరువాత కురిసిన వర్షాన్ని కూడా తీసివేయాలన్నాడు. మా వృత్తిలో కొత్తగా చేరిన కుర్రవాడికి మొదటి వారంలో చెప్పే సూత్రం ఇదే: ఒకసారి డెమరేజ్ మొదలైందంటే, ఒప్పందంలో స్పష్టంగా మరోలా రాసుకుంటే తప్ప, వానకూ ఎండకూ అది ఆగదు.

మా ఛార్టర్‌లో, అంటే ఓడ అద్దె ఒప్పందంలో, లక్ష డాలర్ల లోపు తగాదాలకు లండన్ మారిటైమ్ ఆర్బిట్రేటర్స్ అసోసియేషన్ వారి స్మాల్ క్లెయిమ్స్ పద్ధతి రాసుకున్నాం. ఒకే ఆర్బిట్రేటర్, నోటి వాదనలు లేవు, కాగితాల మీదే విచారణ. ఏడు నెలల్లో అవార్డు వచ్చింది. మొత్తం 94,500 డాలర్లు, వడ్డీ, ఖర్చులు ఇవ్వాలని అందులో ఉంది. సరుకుదారు ఆ విచారణలో పాల్గొన్నాడు, తన వాదన రాతపూర్వకంగా ఇచ్చాడు, ఓడిపోయాడు. లండన్ కోర్టులో దాన్ని సవాలు చేయలేదు. ఇక చెల్లించడమే మిగిలిందని మేము అనుకున్నాం.

2020 ఫిబ్రవరిలో, సరుకుదారు ఆస్తులున్న రాష్ట్రంలో హైకోర్టు ముందు అమలు పిటిషన్ వేశాం. సంతకాలున్న అసలు ఛార్టర్ పార్టీ ఏదని రిజిస్ట్రీ అభ్యంతరం పెట్టింది. ఓడల వ్యాపారంలో ఒప్పందం కుదిరేది బ్రోకర్ల మధ్య నడిచే ఈమెయిళ్లలో. చివరి షరతులన్నీ కూర్చి పంపే రీక్యాప్ సందేశమే ఒప్పందం. ఆ తరువాత సంతకాల ప్రతి తయారవుతుంది, ఒక్కోసారి అవదు కూడా. మాకు అవలేదు. ఆ అభ్యంతరం దాటడానికి పట్టిన కాలంలో కోవిడ్ వచ్చింది, పోయింది. నోటీసు అందాక అవతలివారు కౌంటర్ వేశారు. అందులో ఏముందో తెలుసా? గడువు దాటాక కురిసిన వర్షాన్ని తీసివేయకపోవడం భారతదేశ ప్రజావిధానానికి (పబ్లిక్ పాలసీకి) విరుద్ధం అని ఉంది! ఆర్బిట్రేటర్ ముందు ఓడిపోయిన వానే మళ్లీ కోర్టులో కురిసింది. ఆ తరువాత వాయిదాలు మొదలయ్యాయి. ఇది రాస్తున్న రోజుకు అయిదేళ్లు దాటింది. ఈలోగా అవతలి సంస్థ గోదాములు బ్యాంకు తాకట్టులోకి వెళ్లాయి, వ్యాపారం అదే కుటుంబానికి చెందిన మరో కొత్త సంస్థ పేరు మీదకు మారింది. విశాఖ ఆపరేటర్ ఓడలు నడపడం మానేశారు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మన పెద్దలు అనేవారు. ఆయన విషయంలో ఓడినవారికి ఆ కోర్టులో ఏడుపు కూడా లేదు.

అయ్యా, ఇది ఒక న్యాయమూర్తి తప్పనో, ఒక న్యాయస్థానం అలసత్వమనో నేను అనడం లేదు. చట్టంలోనే ఉన్న ఒక తేడా దీనికి కారణమని నా నమ్మకం. ఆ తేడాను వివరించడానికే ఈ లేఖ.

మన దేశంలో జరిగిన ఆర్బిట్రేషన్‌లో ఓడినవాడు 34వ సెక్షన్ కింద అవార్డును రద్దు చేయమని కోరవచ్చు. 2015కు ముందు ఆ పిటిషన్ వేసినంత మాత్రాన అమలు దానంతట అదే ఆగిపోయేది. మీ శాఖ తెచ్చిన 2015 సవరణ ఆ దుస్థితిని తొలగించింది. ఇప్పుడు 36వ సెక్షన్ ప్రకారం స్టే కోసం విడిగా అడగాలి, డబ్బు చెల్లించమన్న అవార్డయితే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో డబ్బు డిక్రీల (డబ్బు చెల్లించమనే కోర్టు తీర్పుల) మీద స్టేకు ఉన్న నియమాలను కోర్టు దృష్టిలో పెట్టుకోవాలి. ఆచరణలో దాని అర్థం సొమ్ము జమ చేయడమో, బ్యాంకు గ్యారంటీ ఇవ్వడమో. వెనకటి పద్ధతిని తిరిగి తేబోయిన 2019 నాటి 87వ సెక్షన్‌ను హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు అదే ఏడాది నవంబరులో కొట్టివేసింది. పైగా 34వ సెక్షన్ కింద పిటిషన్ నోటీసు అందిన నాటి నుంచి ఏడాదిలో తేల్చాలని అదే సెక్షన్‌లోని ఆరో ఉపవిభాగం చెబుతోంది.

విదేశీ అవార్డు దగ్గరికి వచ్చేసరికి ఈ రెండూ లేవు. 47వ సెక్షన్ కింద కాగితాలు పెట్టాలి, అవతలివాడు 48వ సెక్షన్ కింద అభ్యంతరాలు చెబుతాడు, అవార్డు అమలుకు తగినదేనని కోర్టుకు నమ్మకం కుదిరాకే 49వ సెక్షన్ ప్రకారం అది డిక్రీ అవుతుంది. అంతవరకు అది డిక్రీ కాదు గనుక ఆపవలసిన అమలే లేదు. ఆపవలసిన అమలు లేదు గనుక స్టే అడగనక్కరలేదు, స్టే అడగనక్కరలేదు గనుక జమ చేయనక్కరలేదు. 48వ సెక్షన్‌లో సెక్యూరిటీ (హామీ) మాట ఒక్కచోట ఉంది: అవార్డు వెలువడిన దేశంలో దాని మీద సవాలు నడుస్తూ ఉంటే, ఇక్కడి కోర్టు విచారణ వాయిదా వేస్తూ తగిన సెక్యూరిటీ ఇవ్వమని ఆదేశించవచ్చు. అంటే అక్కడ సవాలు చేసినవాడికి ఇక్కడ సెక్యూరిటీ భయం ఉంది, అక్కడ ఏమీ చేయకుండా ఊరుకుని ఇక్కడ అడ్డుపడేవాడికి ఏ భయమూ లేదు. కొందరు న్యాయమూర్తులు తమ విచక్షణతో ఆస్తుల వివరాలు అఫిడవిట్‌లో చెప్పమంటున్నారు, కొంత మొత్తం జమ చేయమంటున్నారు. అది న్యాయమూర్తిని బట్టి, రోజును బట్టి ఉంటోంది. హక్కుగా అడగడానికి చట్టంలో అక్షరం లేదు.

1958 జూన్ 10న న్యూయార్క్‌లో కుదిరిన అంతర్జాతీయ కన్వెన్షన్‌ను భారతదేశం 1960లో ఆమోదించింది. దాని మూడో అధికరణం ఏమంటుందంటే, విదేశీ అవార్డుల గుర్తింపుకూ అమలుకూ స్వదేశీ అవార్డుల కంటే గణనీయంగా భారమైన షరతులు విధించకూడదు. స్వదేశీ అవార్డు పట్టుకున్నవాడికి ఓడినవాడి సొమ్ము కోర్టులో జమై ఉంటుంది, తేల్చడానికి ఏడాది గడువు ఉంటుంది. విదేశీ అవార్డు పట్టుకున్నవాడికి జమ లేదు, గడువు లేదు. ఇది భారమైన షరతు కాదని కన్వెన్షన్ మీద సంతకం పెట్టిన దేశంగా మనం నిజాయతీగా చెప్పగలమా?

ఈ వ్యత్యాసం వల్ల నష్టపోయేది విదేశీయులేనని, మన వ్యాపారులకు అది రక్షణ అని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. మన విదేశీ వాణిజ్యంలో పరిమాణం లెక్కన దాదాపు 95 శాతం సముద్రం మీదే సాగుతుంది. ఛార్టర్ పార్టీల్లో లండన్ క్లాజు ఉండడం ఈ వ్యాపారంలో మామూలు సంగతి, మన ఇద్దరు భారతీయుల మధ్య ఒప్పందమైనా సరే. భారతీయులిద్దరూ విదేశీ సీటును, అంటే ఆర్బిట్రేషన్‌కు విదేశీ స్థానాన్ని, ఎంచుకోవచ్చని 2021లో పీఏఎస్ఎల్ విండ్ సొల్యూషన్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అలాంటప్పుడు అవార్డు గెలిచినవాడూ మనవాడే, అమలు కోసం చెప్పులరిగేలా తిరిగేవాడూ మనవాడే. ఇక విదేశీ యజమానుల సంగతి చెబుతాను. ఛార్టర్ కుదిర్చే సమయంలో ఓడను అద్దెకు తీసుకునే చార్టరర్ భారతీయుడు అనగానే ఫ్రెయిట్ (ఓడ కిరాయి) మొత్తం ముందుగా కట్టమనడం, అంచనా డెమరేజ్‌ను కూడా బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఎక్కినట్టు ఓడవారు ఇచ్చే పత్రం) విడుదలకు ముందే అడగడం నేను ప్రతి సీజన్‌లో చూస్తున్నాను. పెద్ద సంస్థలు దాన్ని భరిస్తాయి. గోదావరి జిల్లాల్లో రెండు మూడు మిల్లులు కలిసి ఒక ఓడ నింపుకునే చిన్న ఎగుమతిదారు దానికి వడ్డీకి డబ్బు తెచ్చుకుంటాడు.

న్యాయస్థానాల తీర్పుల్లో మాకు అనుకూలమైనవి లేకపోలేదు, నిజానికి చాలా ఉన్నాయి. 1993లో రేణుసాగర్ కేసు మొదలు, విదేశీ అవార్డు విషయంలో ప్రజావిధానం అనే మాటను ఇరుకుగానే అర్థం చేసుకోవాలని సుప్రీంకోర్టు చెబుతూ వచ్చింది. 2015 సవరణలో మీ శాఖే 48వ సెక్షన్‌కు వివరణ చేర్చి, తగాదాలోని గుణదోషాల్లోకి తిరిగి వెళ్లకూడదని రాసింది. 2018లో పీఈసీ లిమిటెడ్, ఆస్ట్‌బల్క్ షిప్పింగ్ కేసులో సంతకం లేని ఛార్టర్ పార్టీ గురించే ప్రశ్న వచ్చింది. అసలు ఒప్పందాన్ని పిటిషన్‌తో పాటే దాఖలు చేసి తీరాలన్న పట్టుదల అవసరం లేదని, సంతకం లేనంత మాత్రాన ఆర్బిట్రేషన్ ఒప్పందం లేనట్టు కాదని కోర్టు తేల్చింది. అదే ఏడాది విదేశీ అవార్డుకు స్టాంపు డ్యూటీ అక్కరలేదని శ్రీరామ్ ఈపీసీ కేసులో చెప్పింది. 2020 ఫిబ్రవరిలో విజయ్ కరియా కేసులో విదేశీ అవార్డును తేలిగ్గా అడ్డుకోకూడదని చెబుతూ, అడ్డుకోబోయినవారిపై 50 లక్షల రూపాయల ఖర్చులు వేసింది. ఇంత స్పష్టత ఉన్నా మా పిటిషన్‌కు అయిదేళ్లు పట్టిందంటే లోపం న్యాయసూత్రంలో లేదు. ఆలస్యం చేస్తే లాభమే గాని నష్టం లేని ఏర్పాటులో ఉంది.

అదే 2020 ఏప్రిల్‌లో వచ్చిన మరో తీర్పును కూడా ప్రస్తావించాలి. ప్రభుత్వ అండతో నడిచే సహకార మార్కెటింగ్ సంస్థ నాఫెడ్ 1980లో 5,000 టన్నుల వేరుశనగ పప్పు అమ్ముతానని ఒక స్విస్ సంస్థతో ఒప్పందం చేసుకుని, 1,900 టన్నులే పంపగలిగింది. మిగతా సరుకును తరువాతి సీజన్‌లో పంపడానికి ప్రభుత్వ అనుమతి రాలేదు. 1989లో అవార్డు నాఫెడ్‌కు వ్యతిరేకంగా వచ్చింది. అనుమతి లేకుండా ఎగుమతి చేయడం భారత ప్రజావిధానానికి విరుద్ధం కాబట్టి ఆ అవార్డు అమలు కాదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. ఆ తీర్పు ఒప్పా తప్పా అని వాదించేటంత న్యాయజ్ఞానం నాకు లేదు. అయితే 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతి, 2023 జూలై 20న బాస్మతియేతర తెల్ల బియ్యం ఎగుమతి నిలిపివేసినప్పుడు, కాకినాడ నుంచి బియ్యం పంపే మా అందరికీ ఆ వేరుశనగ కేసే గుర్తుకు వచ్చింది. ప్రభుత్వ ఉత్తర్వు వల్ల సరుకు ఆగిపోతే నష్టం ఎవరిదో ఒప్పందంలో రాసుకోవచ్చు, రాసుకుంటాం. రాసుకున్నదాన్ని ఆర్బిట్రేటర్ చదివి తేల్చిన తరువాత ఇక్కడి కోర్టు దానికి కట్టుబడుతుందో లేదో ముందుగా చెప్పగలిగితేనే ఆ షరతుకు విలువ. ఒప్పందానికీ చివరి తీర్పుకూ మధ్య నలభై ఏళ్లు గడిచాయన్న సంగతి మాత్రం, ఎవరు గెలిచినా, ఏ వ్యాపారినైనా భయపెడుతుంది.

నా కోరికకు ఎదురు వాదన ఒకటి ఉంది, అది బలమైనదే. నిరుడు ఒక మిల్లు యజమాని తన ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. మూడు నెలల క్రితం లండన్ నుంచి వచ్చిన ఈమెయిలు అందులో ఉంది. ఆర్బిట్రేటర్‌ను నియమించుకోమని, 14 రోజుల్లో నియమించకపోతే తాము నియమించినవారే ఏకైక ఆర్బిట్రేటర్ అవుతారని దాని సారాంశం. ఆ ఈమెయిలు స్పామ్‌లో పడి ఉంది. ఇంగ్లీషు పెద్దగా రాని ఆయన దాన్ని చూడలేదు. చూసే వేళకు గడువు దాటి నెలలైంది. ఇటువంటి మనిషి మీద ఏకపక్షంగా అవార్డు వస్తే, ముందు మొత్తం జమ చేసి తరువాత మాట్లాడమనడం న్యాయమా? కాదు. నోటీసు అందలేదని, వాదన వినిపించే అవకాశం దొరకలేదని, అవార్డు మోసంతో సంపాదించినదని పైపైన చూస్తేనే నమ్మదగిన ఆధారం ఉంటే జమ నుంచి మినహాయించే అధికారం న్యాయమూర్తికి ఉండి తీరాలి. మోసం, అవినీతి ఉన్నచోట స్వదేశీ అవార్డు మీద షరతుల్లేని స్టే ఇచ్చే ఏర్పాటు 2021 సవరణలో మీరు చేసినదే. నోటీసు సంగతిని కూడా కలుపుకుని అలాంటి ఏర్పాటునే 48వ సెక్షన్‌లో పెట్టవచ్చు. కాని విచారణలో పాల్గొని, న్యాయవాదిని పెట్టుకుని, వానల పట్టికలు దాఖలు చేసి ఓడినవాడికి ఆ మిల్లు యజమానికి ఇచ్చే దయ అక్కరలేదు.

ఇంగ్లండ్‌లో ఏం చేస్తున్నారో చూడండి. అవార్డు గెలిచినవాడు కాగితాలతో దరఖాస్తు పెట్టుకుంటే, అవతలివాడికి ముందుగా నోటీసు లేకుండానే కోర్టు అమలు ఉత్తర్వు ఇస్తుంది. ఆ ఉత్తర్వు చేతికి అందాక, దేశంలో ఉన్నవాడు 14 రోజుల్లో దాన్ని రద్దు చేయమని కోరవచ్చు, ఆ గడువు ముగిసేదాకా అమలు ఆగుతుంది. అమెరికా ఫెడరల్ చట్టం కూడా, తిరస్కరించడానికి కన్వెన్షన్ చెప్పిన కారణాల్లో ఏదో ఒకటి ఉంటే తప్ప కోర్టు అవార్డును ధ్రువీకరించి తీరాలని శాసిస్తుంది. రెండు చోట్లా భారం అడ్డుకునేవాడి మీదే ఉంది. మన 48వ సెక్షన్‌లో కూడా రుజువు భారం అడ్డుకునేవాడిదే, అక్షరాలా అలాగే రాశారు. రుజువు భారంతో పాటు ఆలస్యం భారం కూడా అతని మీద పెట్టకపోవడమే మన లోటు.

జమ వల్ల మరో మేలు ఉంది, దాన్ని సుప్రీంకోర్టే ఇటీవల ఎత్తి చూపింది. అవార్డు డాలర్లలో ఉంటే రూపాయల్లోకి ఏ రోజు మారకపు ధరతో మార్చాలి? అభ్యంతరాలన్నీ తీరి అవార్డు అమలుకు తగినదయ్యే రోజు ధరతో మార్చాలని, ఈలోగా కోర్టులో జమ అయిన సొమ్ముకు మాత్రం జమ అయిన రోజు ధర వర్తిస్తుందని 2024 ఆగస్టులో డీఎల్ఎఫ్, కోంచార్ జనరేటర్స్ కేసులో తీర్పు వచ్చింది. అంటే జమ చేసినవాడికి ఆ మేరకు రూపాయి పతనం ముప్పు తప్పుతుంది. ఓడినవాడికి కూడా మేలు చేసే ఏర్పాటు ఇది. చెల్లించే ఉద్దేశం ఉన్నవాడికి దీనిలో కష్టమేమీ కనబడదు.

జమ సంగతి తేలితే మిగతావి చిన్నవి, అందుకే క్లుప్తంగా చెబుతాను. 34వ సెక్షన్‌లో ఉన్నట్టే 48వ సెక్షన్‌లోనూ నోటీసు అందిన నాటి నుంచి ఏడాది గడువు రాయండి. మధ్యంతర రక్షణ కోరడానికి వీలిచ్చే 9వ సెక్షన్‌లో "36వ సెక్షన్ ప్రకారం అమలయ్యే లోపు" అన్న మాటలు విదేశీ అవార్డుకు అతకవు, ఎందుకంటే దాని అమలు దారి 49వ సెక్షన్. కొన్ని హైకోర్టులు అర్థం చేసుకుని రక్షణ ఇస్తున్నాయి గాని, అవతలి న్యాయవాది ప్రతిసారీ ఆ మాటలనే పట్టుకుని ఒక వాయిదా సంపాదిస్తున్నాడు. ఆ మాటలకు 49ని కూడా చేర్చండి. బ్రోకర్ రీక్యాప్ ఈమెయిలు 47వ సెక్షన్‌కు సరిపోతుందని స్పష్టంగా రాయండి. ఇక గెజిట్ సంగతి: కన్వెన్షన్‌లో 170కి పైగా దేశాలు ఉన్నా, 44వ సెక్షన్ కింద మన కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసినవి అందులో మూడో వంతుకు కూడా చేరవు. మిగతా దేశాల్లో వచ్చిన అవార్డులకు ఇక్కడ చట్టంలోని ఈ విదేశీ అవార్డుల అధ్యాయం కింద దారి లేదు. సభ్యదేశాలన్నిటినీ ఒక్క నోటిఫికేషన్‌తో కలపడానికి పార్లమెంటు కూడా అక్కరలేదు.

అవార్డు డిక్రీ అయ్యాక మరో క్యూ ఉందన్నది మీకు తెలియనిది కాదు. డిక్రీని అమలు చేయించమని వేసే ఎగ్జిక్యూషన్ పిటిషన్లను ఆరు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పి, 2025లో మళ్లీ చెప్పవలసి వచ్చింది. అప్పుడు లెక్క తీస్తే దేశవ్యాప్తంగా 8.8 లక్షలకు పైగా ఎగ్జిక్యూషన్ పిటిషన్లు పెండింగులో ఉన్నాయని బయటపడింది. డబ్బు ముందే కోర్టులో జమై ఉంటే, విదేశీ అవార్డులు ఆ క్యూలోకి అసలు చేరనే చేరవు.

ఈ తీరానికీ ఓడల న్యాయానికీ పాత సంబంధం ఉంది. ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ ఓడ 1984లో మార్మగోవా రేవులో సరుకు ఎక్కించుకుని, బిల్ ఆఫ్ లేడింగ్ ఇవ్వకుండానే వెళ్లిపోయింది. గోవా వ్యాపార సంస్థ ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ఆశ్రయించగా, ఆ ఓడను విశాఖపట్నంలో నిలిపివేశారు. ఈ హైకోర్టుకు ఆ అధికారం ఎక్కడిదని ఓడ యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఉన్నత న్యాయస్థానానికి అది సహజంగానే ఉన్న అధికారమని 1992లో సుప్రీంకోర్టు తేల్చింది. మన వ్యాపారి బాకీ ఎగ్గొట్టి ఓడ వెళ్లిపోతే ఏమిటి గతి అన్న ప్రశ్నకు ఆ రోజు న్యాయస్థానం కాలం చెల్లిన వలస చట్టాలను పక్కనపెట్టి సమాధానం చెప్పింది. 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన అడ్మిరాల్టీ (ఓడల తగాదాల) చట్టం ఆ అధికారాన్ని తీరప్రాంత హైకోర్టులకు పార్లమెంటు చేతుల మీదుగానే ఇచ్చింది. ఓడను నిలిపివేసి సెక్యూరిటీ తీసుకుంటేనే క్లెయిముకు విలువ ఉంటుందని ఒప్పుకున్న మన చట్టం, అదే క్లెయిము మీద ఆర్బిట్రేటర్ తుది మాట చెప్పిన తరువాత ఓడినవాడి నుంచి సెక్యూరిటీ అడగకపోవడం నాకు ఎంత ఆలోచించినా అంతుపట్టడం లేదు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాడికి ఎదురుగా నిలబడడానికే కదా న్యాయస్థానం ఉన్నది.

రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేటల్లో కొత్త రేవులు కడుతున్నారు. అవి మొదలయ్యాక ఈ తీరానికి మరిన్ని ఓడలు వస్తాయి, ఓడలతో పాటు లేటైమ్ లెక్కలూ, తగాదాలూ, అవార్డులూ వస్తాయి. అందులో చాలావాటి అమలు అమరావతిలోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకే వస్తుంది. గౌరవ ప్రధాన న్యాయమూర్తి గారికి కూడా ఈ లేఖ ప్రతి పంపుతున్నాను. చట్ట సవరణ వచ్చే లోపు, విదేశీ అవార్డు అమలు పిటిషన్‌లో నోటీసు జారీ అయిన రోజే అవతలివారి ఆస్తుల అఫిడవిట్, జమ విషయాలను మొదటి అంశంగా వినేలా హైకోర్టు తన నియమాల్లో ఏర్పాటు చేయగలిగితే, అది ఎవరి హక్కునూ తగ్గించదు.

మంత్రిగారూ, మా కేసులోని స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్, లేటైమ్ లెక్క, అవార్డు, అమలు పిటిషన్ వాయిదాల పట్టిక, పక్షాల పేర్లు కొట్టివేసి, మీ శాఖకు విడిగా పంపుతున్నాను. వాయిదాల పట్టిక నాలుగు పేజీలు ఉంది. అవార్డు మూడున్నర పేజీలు. మీ అధికారులు ఎప్పుడు పిలిచినా, ఢిల్లీ వచ్చి ఆ లెక్కను గంట గంటా వివరించడానికి సిద్ధంగా ఉన్నాను. నాతో పాటు విశాఖ నుంచి ఆ ఆపరేటర్ గారు కూడా వస్తానన్నారు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక షిప్ బ్రోకర్,
కాకినాడ